గ్యాస్ పూల్ హీటర్: వెలిగించే వరుస, ఆపే వరుస

గ్యాస్ హీటర్ గురించి పూల్ ఉన్నవాళ్లు ఎన్ని రకాలుగా అడిగినా, ప్రశ్నలన్నీ చివరికి వరుస దగ్గరికే వస్తాయి. ఏది ముందు తెరవాలి, ఏది చివర మూయాలి? వెలిగించేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత గ్యాస్, ఆఖరున మంట. ఆపేటప్పుడు ముందు మంట, తర్వాత గ్యాస్, ఆఖరున నీళ్లు. మంట ఉన్నంతసేపూ, అది ఆరాక లోపలి వేడి తగ్గేదాకా, హీటర్ లోపలి రాగి గొట్టాల్లో నీళ్లు పారుతూనే ఉండాలి. కింద రాసినదంతా ఈ వరుస తప్పకుండా చూసుకోవడానికే.

ఇక్కడిచ్చిన అంకెలు మామూలుగా ఇళ్లలో వాడే హీటర్లవి. మీ హీటర్ తలుపు లోపల అతికించిన లేబుల్‌లో వేరేలా ఉంటే లేబుల్ చెప్పినట్టే చేయండి.

1. మీ హీటర్ ఏ రకమో తెలుసుకోండి

నేమ్‌ప్లేట్ మీద మూడు సంగతులు చూడాలి.

మొదటిది గ్యాస్ రకం. సహజవాయువు హీటర్‌కు ఎల్‌పీజీ కలపకూడదు, ఎల్‌పీజీ హీటర్‌కు సహజవాయువు కలపకూడదు. రెండింటికీ బర్నర్ జెట్ల రంధ్రాలు వేరు, పీడనం వేరు. లీకైతే సహజవాయువు పైకి తేలిపోతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేలమీద పాకి గుంటల్లో, మెట్ల కింద, పంపు గది మూలల్లో నిలుస్తుంది. అందుకే ఎల్‌పీజీ ఉన్నచోట వంగి నేల దగ్గర వాసన చూడాలి.

రెండోది వెలిగే పద్ధతి. పాత హీటర్లలో పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, దాన్ని చేత్తో వెలిగించాలి. కొత్తవాటిలో ఇగ్నైటర్ తనంతట తాను వెలిగిస్తుంది. ఇలాంటి హీటర్‌కు అగ్గిపుల్ల గానీ లైటర్ గానీ ఎప్పుడూ దగ్గర పెట్టకూడదు.

మూడోది సామర్థ్యం. గంటకు 2,50,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అని ఉంటే అది దాదాపు 73 కిలోవాట్లు. ఈ అంకె ముందు ముందు పనికొస్తుంది.

2. హీటర్ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

చాన్నాళ్లు వాడకుండా ఉన్న హీటర్ అయితే ఈ పని తప్పదు.

- పైన కప్పిన కవరు, పొగ దారికి అడ్డుపెట్టిన గుడ్డ తీసేశారా?
- పొగ బయటికి పోయే చోట పక్షి గూడు, ఎండుటాకులు, కందిరీగల పుట్ట లేవు కదా?
- కింద గాలి వెళ్లే సందులు మట్టితో, గడ్డితో మూసుకుపోలేదు కదా?
- తలుపు తీసి చూస్తే ఎలుకలు కొరికిన వైర్లు, కాలిన పెయింట్, నల్లటి మసి కనిపిస్తున్నాయా?
- హీటర్ ఎప్పుడైనా వరద నీటిలో మునిగిందా? కంట్రోల్స్ గానీ గ్యాస్ వాల్వ్ గానీ మునిగి ఉంటే, ఆరిపోయి బాగానే కనిపించినా వెలిగించవద్దు. టెక్నీషియన్ చూసి, తడిసిన భాగాలు మార్చాల్సిందే.

క్లోరిన్ డబ్బాలు, యాసిడ్ క్యాన్లు హీటర్ పక్కనే పెట్టడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. మూత బిగించినా వాటినుంచి ఆవిర్లు వస్తూనే ఉంటాయి. మంటకు కావలసిన గాలితోపాటు హీటర్ వాటినీ లోపలికి లాక్కుంటుంది. మంటలో కాలాక అవే ఆమ్లంగా మారి రాగి గొట్టాలను, బర్నర్లను బయటినుంచి తినేస్తాయి. వాటిని వేరే గదిలో పెట్టండి.

హీటర్ గదిలో గానీ ఇంటి గోడకు ఆనుకుని గానీ ఉంటే, ఆ గదిలోనూ పక్క గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వస్తే హీటర్‌ను అనుమానించి, ముందు అందరూ బయటికి వెళ్లాలి.

3. నీళ్లు పరీక్షించండి

వేడి చేయబోయే నీళ్లే హీటర్ లోపలి గొట్టాల్లో పారతాయి. అవి ఆమ్లంగా ఉంటే రాగిని కొరుకుతాయి, క్షారం, గట్టిదనం ఎక్కువైతే గొట్టాల లోపల తెల్లటి గార కడుతుంది. రెండూ బయటికి కనిపించవు. వెలిగించే ముందు ఈ స్థాయిలు ఉండేట్టు చూసుకోండి.

- పీహెచ్: 7.2 నుంచి 7.8 (హీటర్‌కు 7.4 – 7.6 ఇంకా మంచిది)
- మొత్తం ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం): 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అనే లెక్క)
- కాల్షియం గట్టిదనం: 200 నుంచి 400 పీపీఎం
- ఫ్రీ క్లోరిన్ (నీళ్లలో ఇంకా పనిచేయగల క్లోరిన్): 1 నుంచి 3 పీపీఎం

క్లోరిన్ షాక్ (ఒక్కసారిగా ఎక్కువ క్లోరిన్ వేయడం) ఇచ్చిన రోజు హీటర్ వెలిగించవద్దు. బైపాస్ వాల్వ్ ఉంటే నీళ్లను హీటర్ పక్కనుంచి మళ్లించి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగాక తిరిగి లోపలికి వదలండి.

స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీటిని, చెత్తను లాగే నోరు) బుట్టలో ట్రైక్లోర్ అనే క్లోరిన్ మాత్రలు వేసే అలవాటు ఉంటే మానుకోండి. అవి బాగా ఆమ్లగుణం కలవి. పంపు ఆగినప్పుడు స్కిమ్మర్‌లో చిక్కబడిన ఆ నీళ్లు, పంపు మొదలవగానే నేరుగా హీటర్‌లోకి వెళతాయి. పూల్ గోడల మీద ఆకుపచ్చ, నీలి మరకలు కనిపిస్తే అది తరచుగా హీటర్ రాగి కరిగి నీళ్లలో కలుస్తోందనడానికి గుర్తు.

మాత్రలు వేసే క్లోరినేటర్ ఉంటే అది పైపు వరుసలో హీటర్ తర్వాతే ఉండాలి, రెండింటి మధ్య చెక్ వాల్వ్ ఉండాలి. చెక్ వాల్వ్ లేకపోతే పంపు ఆగగానే చిక్కటి క్లోరిన్ నీళ్లు వెనక్కి పారి హీటర్‌లో చేరతాయి.

4. నీళ్ల ప్రవాహం సరిచేయండి

గ్యాస్ జోలికి వెళ్లకముందే ఇది పూర్తి కావాలి.

1. హీటర్ స్విచ్ ఆఫ్‌లో ఉందని చూసుకోండి.
2. స్కిమ్మర్ బుట్ట, పంపు బుట్ట శుభ్రం చేయండి. పూల్‌లో నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉండాలి.
3. ఫిల్టర్ పీడనం చూడండి. శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8 నుంచి 10 పీఎస్‌ఐ (పీడనం కొలత) ఎక్కువ చూపిస్తుంటే ముందు బ్యాక్‌వాష్ చేయండి (అంటే నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్ కడగండి), కార్ట్‌రిడ్జ్ అయితే కడగండి.
4. హీటర్‌కు వెళ్లే, హీటర్ నుంచి వచ్చే వాల్వులు రెండూ పూర్తిగా తెరవండి. బైపాస్ మూయండి.
5. పంపు వేసి, ఫిల్టర్ పైనున్న గాలి వాల్వ్ తెరవండి. బుసబుసలు ఆగి నీటిధార వచ్చేదాకా ఉంచి మూయండి.
6. మరో 5 నిమిషాలు పంపు నడవనివ్వండి. పంపు మూతలోంచి చూస్తే నీళ్లు నిండుగా, బుడగలు లేకుండా కనిపించాలి.

ఇళ్లలో వాడే హీటర్లకు కనీస ప్రవాహం మోడల్‌ను బట్టి నిమిషానికి దాదాపు 75 నుంచి 150 లీటర్లు. వేగం మార్చుకునే పంపులు ఉన్నవాళ్లు ఇక్కడే పొరపడుతుంటారు. కరెంటు ఆదా కోసం రాత్రి తక్కువ వేగం పెడతారు, హీటర్ మాత్రం ఎక్కువ వేగానికి సరిపెట్టి ఉంటుంది. ప్రవాహం చాలక అది వెలిగి ఆరుతూ ఉంటుంది. హీటర్ నడిచే గంటలకు వేరే వేగం పెట్టి, ఆ వేగంలో కనీస ప్రవాహం అందుతోందో లేదో చూడండి.

చాలా హీటర్లలో నీటి పీడనాన్ని బట్టి పనిచేసే ప్రెషర్ స్విచ్ ఉంటుంది. నీళ్లు పారకపోతే అది మంట వెలగనివ్వదు. అయితే హీటర్ పూల్ నీటిమట్టంకన్నా బాగా కింద ఉంటే ఈ రక్షణ దెబ్బతింటుంది. మీటరు ఎత్తు నీళ్లు దాదాపు 1.4 పీఎస్‌ఐ ఒత్తిడి పెడతాయి. రెండు మీటర్ల కింద ఉన్న హీటర్‌కు పంపు ఆగి ఉన్నా ఆ నిలవ నీటి బరువే స్విచ్‌ను కలిపి ఉంచవచ్చు. అప్పుడు నీళ్లు కదలకుండానే మంట వస్తుంది. అలాంటిచోట స్విచ్ సెట్టింగ్ మార్చడమో, ప్రవాహాన్ని గుర్తించే ఫ్లో స్విచ్ పెట్టడమో టెక్నీషియన్ చేత చేయించాలి.

దీన్ని మీరే సులువుగా పరీక్షించవచ్చు. హీటర్ మామూలుగా వెలుగుతున్నప్పుడు, దాని పక్కనే నిలబడి, పంపు ఆపండి. మంట వెంటనే ఆరాలి. ఆరకపోతే వెంటనే హీటర్ స్విచ్ కట్టేసి, మళ్లీ పంపు వేసి గొట్టాలు చల్లార్చండి. ఆ లోపం సరిచేసేదాకా హీటర్ వాడవద్దు. ఏడాదికి ఒక్కసారి, క్షణం సేపు చేసే పరీక్ష ఇది. రోజూ ఇలా ఆపడం మాత్రం తప్పు.

5. గ్యాస్ తెరవడం, లీకు చూడడం

ముందు వాసన చూడండి. హీటర్ చుట్టూ, నేల దగ్గర కూడా.

గ్యాస్ వాసన వస్తే:

- ఏదీ వెలిగించవద్దు. ఏ స్విచ్ వేయవద్దు, ఉన్నది ఆపవద్దు కూడా. స్విచ్ కదిలితే చాలు, నిప్పురవ్వ పుడుతుంది.
- ఫోన్ అక్కడ వాడవద్దు.
- సిలిండర్ లేదా మీటర్ దగ్గరి వాల్వ్ సురక్షితంగా అందుబాటులో ఉంటే మూసి, అందరినీ దూరంగా పంపండి.
- దూరం వెళ్లాక గ్యాస్ సరఫరాదారుకు ఫోన్ చేయండి. వాళ్లు దొరక్కపోతే అగ్నిమాపక కేంద్రానికి చేయండి.

వాసన లేకపోతే సరఫరా వాల్వ్ తెరవండి. ఎల్‌పీజీ అయితే నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే లైన్ తెగిందనుకుని లోపలి రక్షణ వాల్వ్ మూసుకుపోతుంది, హీటర్‌కు గ్యాస్ అందదు. అలా జరిగితే వాల్వ్ పూర్తిగా మూసి, కొన్ని నిమిషాలు ఆగి, మళ్లీ మెల్లగా తెరవండి.

ఆ తర్వాత ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు బ్రష్‌తో రాయండి. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కొద్దిగా నీళ్లలో కలిపితే చాలు. బుడగలు ఉబ్బుతుంటే అక్కడ లీకు ఉంది. గ్యాస్ మూసి, బిగించి, మళ్లీ రాసి చూడాలి. మంటతో లీకు వెతకడం ప్రాణాంతకం.

ఎవరైనా లైన్‌ను గాలి పంపి పీడన పరీక్ష చేస్తుంటే, ఆ పీడనం 0.5 పీఎస్‌ఐ దాటేట్టయితే హీటర్‌ను లైన్ నుంచి విడదీయమనండి. లేకపోతే హీటర్ గ్యాస్ వాల్వ్ పాడవుతుంది.

6. వెలిగించడం: ఇగ్నైటర్ ఉన్న హీటర్

1. పంపు నడుస్తుండాలి.
2. థర్మోస్టాట్ అన్నిటికన్నా తక్కువకు పెట్టండి.
3. హీటర్‌కు కరెంటు కట్టేయండి.
4. తలుపు తీసి, గ్యాస్ వాల్వ్ మీది నాబ్‌ను ఆఫ్ వైపు తిప్పండి.
5. 5 నిమిషాలు ఆగండి. లోపల చేరిన గ్యాస్ పోవడానికి ఈ సమయం. మళ్లీ వాసన చూడండి, నేల దగ్గర కూడా. వాసన ఉంటే అక్కడితో ఆపి, 5వ అంశంలో చెప్పినట్టు చేయండి.
6. నాబ్‌ను ఆన్‌కు తిప్పండి. చేత్తోనే తిప్పాలి. కదలకపోతే పట్టకారు, స్పానర్ వాడవద్దు. బలవంతం చేస్తే లోపల విరిగి గ్యాస్ లీకై మంటలు లేవొచ్చు. బిగుసుకున్న వాల్వ్‌ను మార్చడమే దారి.
7. తలుపు బిగించండి. తలుపు తీసి హీటర్ నడపకూడదు, గాలి వెళ్లే దారి మారి మంట బయటికి రావచ్చు.
8. కరెంటు ఇచ్చి, స్విచ్ వేసి, పూల్ నీటి ఉష్ణోగ్రతకన్నా 2, 3 డిగ్రీలు ఎక్కువ పెట్టండి.
9. మొహం హీటర్ దగ్గర పెట్టకుండా పక్కన నిలబడి వినండి.

బ్లోయర్ ఉన్న హీటర్ అయితే ముందు ఫ్యాన్ కొద్ది సెకన్లు తిరిగి లోపలి గాలి మార్చుతుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాగుతుంది లేదా టిక్ టిక్‌మంటూ రవ్వలు వేస్తుంది. తర్వాత వాల్వ్ తెరుచుకున్న చప్పుడు, వెంటనే మెత్తగా 'ఊఫ్' అని మంట అందుకున్న శబ్దం రావాలి. మంట అందకపోతే హీటర్ తానే వాల్వ్ మూసి, కొంచెం ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. వరుసగా కొన్నిసార్లు విఫలమైతే లాకవుట్‌కు వెళుతుంది, అంటే రీసెట్ చేసేదాకా మళ్లీ ప్రయత్నించదు.

గ్యాస్ లైన్ చాన్నాళ్లు మూసి ఉంటే, లేదా సిలిండర్ కొత్తగా మార్చి ఉంటే, లైన్‌లో గాలి చేరి మొదటి ప్రయత్నాలు తప్పడం మామూలే. 5 నిమిషాలు ఆగి రీసెట్ చేయండి. రెండు మూడు రీసెట్ల తర్వాతా వెలగకపోతే ఆపండి. అదేపనిగా రీసెట్ నొక్కితే మండని గ్యాస్ లోపల పోగై, ఆఖరికి వెలిగినప్పుడు ఒక్కసారిగా పేలుతుంది.

7. వెలిగించడం: పైలట్ ఉన్న హీటర్

మొదటి 5 మెట్లు పైనున్నవే. తర్వాత:

1. నాబ్‌ను పైలట్ గుర్తు దగ్గరికి తిప్పండి.
2. నాబ్‌ను లోపలికి నొక్కి పట్టుకుని పైలట్ వెలిగించండి. వెలిగించే బటన్ ఉంటే అది నొక్కండి. లేకపోతే పొడవాటి లైటర్ వాడండి, చిన్న అగ్గిపుల్ల వద్దు.
3. వెలిగాక దాదాపు నిమిషం సేపు నొక్కే ఉంచండి. మంటలో ఉన్న సెన్సర్ వేడెక్కితేనే వాల్వ్ గ్యాస్‌ను పట్టి ఉంచుతుంది. తొందరపడి వదిలితే పైలట్ ఆరిపోతుంది.
4. మెల్లగా వదలండి. పైలట్ నిలిస్తే నాబ్‌ను ఆన్‌కు తిప్పి, తలుపు వేసి, కట్టేసిన కరెంటు తిరిగి ఇచ్చి, థర్మోస్టాట్ పెంచండి.
5. ఆరిపోతే నాబ్ ఆఫ్ చేసి, 5 నిమిషాలు ఆగి మొదటినుంచి మొదలుపెట్టండి. ఈ 5 నిమిషాలు ప్రతిసారీ ఆగాలి.

మాటిమాటికీ ఆరిపోతుంటే సెన్సర్ పాతబడిందో, పైలట్ జెట్‌లో దుమ్మో సాలెగూడో ఉందో అనుకోవచ్చు. రెండూ టెక్నీషియన్ పనులే.

8. మొదటి అరగంట దగ్గరే ఉండండి

వెలిగింది కదా అని వెళ్లిపోవద్దు.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. కొసన కాస్త పసుపు మెరిస్తే పరవాలేదు. మంటంతా పసుపుగా, సోమరిగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. దానితో మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వెంటనే ఆపండి.

చల్లటి నీళ్లతో మొదలుపెట్టినప్పుడు హీటర్ కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా కారడం చూసి చాలామంది కంగారుపడతారు. గ్యాస్ కాలినప్పుడు పుట్టే ఆవిరి, చల్లటి గొట్టాలకు తగిలి నీరవుతుంది. పూల్ వేడెక్కే కొద్దీ అది తగ్గాలి. లీకా, ఆవిరి నీళ్లా అని తేల్చుకోవడానికి హీటర్ వెలిగించకుండా ఒక్క పంపే నడపండి. కారుతూనే ఉంటే లీకు.

ఈ ఆవిరి నీళ్లు ఆమ్లగుణం కలవి. అందుకే పూల్‌ను రోజుల తరబడి 15, 16 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి హీటర్ వాడడం మంచిది కాదు. గొట్టాలు ఎప్పుడూ తడిగా ఉండి తుప్పు, మసి రెండూ పడతాయి. వాడుకునే రోజులకు ఒక్కసారిగా వేడి చేసి, మిగతా రోజులు ఆపేయడం మేలు.

ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి ఒక కిలోకేలరీ కావాలి. 50,000 లీటర్ల పూల్ 5 డిగ్రీలు పెరగాలంటే 2,50,000 కిలోకేలరీలు. 73 కిలోవాట్ల హీటర్ 82 శాతం సామర్థ్యంతో నీళ్లకు ఇచ్చేది దాదాపు 60 కిలోవాట్లు, అంటే గంటకు 51,600 కిలోకేలరీలు. భాగిస్తే 5 గంటలకు కాస్త తక్కువ. పైనుంచి పోయే వేడి వల్ల నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పూల్ మీద కవరు కప్పితే లెక్కకు దగ్గరగా వస్తుంది.

ఇదే అంకెతో ప్రవాహం కూడా పరీక్షించవచ్చు. నిమిషానికి 150 లీటర్లంటే గంటకు 9,000 లీటర్లు. 51,600ను 9,000తో భాగిస్తే 5.7. అంటే హీటర్‌లోకి వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ 6 డిగ్రీల లోపు తేడా ఉండాలి. 10, 12 డిగ్రీలు ఉంటే ప్రవాహం సగమే ఉంది, ఫిల్టర్ నుంచి వెతకడం మొదలుపెట్టండి. తేడా మరీ తక్కువగా ఉంటే మంట పూర్తి బలంతో లేదేమో చూడాలి.

ఈతకు 26 నుంచి 28 డిగ్రీలు చాలు. స్పా తొట్టి అయినా 40 డిగ్రీలు దాటకూడదు. పసిపిల్లలకు, గర్భిణులకు అది కూడా ఎక్కువే.

9. రోజూ ఆపే పద్ధతి

1. హీటర్ ప్యానెల్ మీద ఆఫ్ చేయండి, లేదా థర్మోస్టాట్ దించండి.
2. మంట ఆరిన శబ్దం వినండి.
3. పంపును కనీసం 10 నుంచి 15 నిమిషాలు నడవనివ్వండి.
4. అప్పుడు పంపు ఆపండి.

మంట ఆరినా ఇటుకలు, లోహం, గొట్టాల రెక్కలు వేడిగానే ఉంటాయి. నీళ్లు ఆగిపోతే గొట్టాల్లో మిగిలిన కొద్ది నీళ్లు అక్కడే మరుగుతాయి. వాటిలోని కాల్షియం గొట్టం గోడకు అంటుకుంటుంది. ఒక్కరోజుతో ఏమీ కాదు, రోజూ జరిగితే ఒక సీజన్‌లోనే గార కడుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ పైపులూ మెత్తబడి వంగుతాయి.

పంపు టైమర్ మీద నడుస్తుంటే మీరు గుర్తుపెట్టుకున్నా లాభం లేదు, టైమర్ పంపును చటుక్కున ఆపేస్తుంది. పంపు ఆగడానికి 20 నిమిషాల ముందు హీటర్‌ను ఆపే చిన్న స్విచ్ ఒకటి టైమర్‌లో పెట్టించుకోవచ్చు. దీన్ని ఫైర్‌మన్ స్విచ్ అంటారు. కొత్త కంట్రోలర్లలో ఇది సెట్టింగ్‌లోనే ఉంటుంది. ఖర్చు కొంచెమే, హీటర్ ఆయుష్షుకు ఇంతగా పనికొచ్చే అమరిక ఇంకొకటి లేదని మా అభిప్రాయం.

బ్యాక్‌వాష్ చేసేటప్పుడూ ఇదే వరుస. హీటర్ ఆపి, 15 నిమిషాలు నీళ్లు పారనిచ్చి, పంపు ఆపి, అప్పుడు ఫిల్టర్ వాల్వ్ తిప్పాలి.

10. అత్యవసరంగా ఆపాల్సి వస్తే

గ్యాస్ వాసన లేకుండా, మంట బయటికి రావడమో, హీటర్ వేడెక్కిపోవడమో, థర్మోస్టాట్ దించినా మంట ఆరకపోవడమో జరిగితే గ్యాస్ సరఫరా వాల్వ్ మూయండి. కరెంటు స్విచ్ కట్టేస్తే చాలదు, తెరుచుకునే బిగుసుకున్న వాల్వ్ కరెంటు పోయినా గ్యాస్ వదులుతూనే ఉంటుంది. పంపు మాత్రం ఆపకండి, గొట్టాలు చల్లబడాలి. అందుకే గ్యాస్ సరఫరా వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో ఇంట్లో ప్రతి పెద్దవాళ్లకూ ముందే చూపించి ఉంచాలి.

11. సీజన్ అయిపోయాక మూసే పద్ధతి

1. పైన చెప్పినట్టు హీటర్ ఆపి, హీటర్ గ్యాస్ వాల్వ్ ఆఫ్ చేసి, సరఫరా వాల్వ్ కూడా మూయండి.
2. 15 నిమిషాలు నీళ్లు పారనిచ్చి, పంపు ఆపండి.
3. హీటర్‌కు, పంపుకు ఎంసీబీ కట్టేయండి.
4. నీటి పైపుల వాల్వులు మూసి, హీటర్ డ్రెయిన్ ప్లగ్‌లు తీయండి. చాలా మోడళ్లలో ఇవి రెండు పక్కలా ఉంటాయి. ఒక పక్కది తీసి రెండోది మరిచిపోవడమే ఎక్కువ.
5. ప్రెషర్ స్విచ్‌కు వెళ్లే సన్నటి రాగి గొట్టాన్ని విప్పి అందులోని నీళ్లూ తీసేయండి. వేలెడంత నీళ్లు గడ్డకట్టినా స్విచ్ పాడవుతుంది.
6. తక్కువ పీడనంతో గాలి ఊది మిగిలిన తడి తీయండి.
7. ప్లగ్‌లను పంపు బుట్టలో పెట్టండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తప్పకుండా చూసే చోటు అది.
8. పైన గాలి ఆడేలా కప్పండి. ప్లాస్టిక్‌తో గట్టిగా చుడితే లోపల చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది.

నీళ్లు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. హెడర్ (గొట్టాల చివర్లను కలిపే భాగం) పగలడానికి అది చాలు. గడ్డకట్టేంత చలి లేని చోట కూడా నెలల తరబడి వాడకపోతే నీళ్లు తీసేయడమే మంచిది. నిలవ నీళ్లలో క్లోరిన్, పీహెచ్ అదుపు తప్పి లోపల చిలుము పడుతుంది.

12. తరచూ వచ్చే ఇబ్బందులు

*వెలిగి, నిమిషంలో ఆరి, మళ్లీ వెలుగుతుంది.* ముందు ఫిల్టర్, బుట్టలు, వాల్వులు, పంపు వేగం చూడండి. ప్రవాహం తక్కువైతే లోపలి నీళ్లు మరీ వేడెక్కి హై లిమిట్ స్విచ్ మంటను ఆపుతుంది. నీళ్లు బాగా పారుతున్నా ఇలాగే ఉంటే లోపలి బైపాస్ వాల్వ్ గానీ సెన్సర్ గానీ పాడై ఉండవచ్చు.

*కెటిల్ మరిగినట్టు గుడగుడ శబ్దం.* గొట్టాల్లో గార కట్టింది, లేదా ప్రవాహం చాలడం లేదు. నీళ్లు సరిచేశాక కూడా శబ్దం పోకపోతే హీటర్ విప్పి గార తీయించాలి.

*వెలిగేటప్పుడు 'ధబ్' అని పెద్ద శబ్దం.* మంట ఆలస్యంగా అందుకుంటోంది. బర్నర్లు మూసుకుపోయి ఉండవచ్చు, పీడనం తప్పి ఉండవచ్చు. మళ్లీ వెలిగించకుండా గ్యాస్ మూసి టెక్నీషియన్‌ను పిలవండి.

*ఎల్‌పీజీ హీటర్ మొదట బాగా నడిచి, గంటయ్యాక నీరసిస్తుంది.* సిలిండర్ తాకి చూడండి. బయట మంచు పట్టి ఉంటే సమాధానం దొరికినట్టే. 73 కిలోవాట్ల హీటర్ గంటకు 5 కిలోలకు పైనే ఎల్‌పీజీ కాలుస్తుంది. చిన్న సిలిండర్‌లో ద్రవం అంత వేగంగా ఆవిరి కాలేదు, చల్లబడి పీడనం పడిపోతుంది. వేడినీళ్లు పోయడం, మంట చూపించడం ప్రమాదం. పెద్ద ట్యాంకు, లేదా కలిపి అమర్చిన సిలిండర్లు కావాలి.

*ఇంట్లో ఇంకో గ్యాస్ పరికరం వేస్తే హీటర్ ఆరుతుంది.* పైపు సన్నగా ఉంది. హీటర్, మిగతా పరికరాలు అన్నీ పూర్తి బలంతో వెలుగుతుండగా హీటర్ వాల్వ్ దగ్గర మానోమీటర్‌తో పీడనం కొలిపించండి. అన్నీ ఆపి కొలిస్తే పీడనం బాగానే కనిపించి లోపం దాగిపోతుంది.

*స్విచ్ పనిచేయడం లేదని వైర్లు కలిపి నడపడం.* ప్రెషర్ స్విచ్, హై లిమిట్, పొగ సెన్సర్, ఏదైనా సరే, పరీక్ష కోసం కూడా కలిపి వదిలేయవద్దు. నీళ్లు లేకుండా మంట వెలగడానికి మిగిలిన ఒక్క అడ్డూ అదే కావచ్చు.

13. టెక్నీషియన్‌కు వదలాల్సినవి

గ్యాస్ పీడనం సర్దడం, బర్నర్లు తీసి కడగడం, జెట్లు మార్చడం, మసి తీయడం, పొగ గొట్టం మార్చడం మీరు చేయవద్దు. ఏడాదికోసారి, సీజన్ మొదలయ్యే ముందు పిలిపించి, మంట వెలుగుతుండగా పీడనం కొలిచి ఆ అంకెను, తేదీని తలుపు లోపల రాసి పెట్టమనండి. వచ్చే ఏడాది ఎవరొచ్చినా అంకె మారిందో లేదో ఆ తలుపు తీయగానే తెలుస్తుంది.